టీచరు గారి చేమంతి మడి, నేను దొంగిలించిన జానెడు పిలక

నా జీవితంలో నేను చేసిన దొంగతనం ఒక్కటే. దాని ఫలితంగా ఒక చేమంతి మడి నామరూపాల్లేకుండా పోయింది, ఒక స్నానాల గది గచ్చు పగిలింది, ఒక చర్చి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఇనప్పెట్టెలు పగలగొట్టేవాళ్ళు కూడా ఒక్క దెబ్బకి ఇంతమందిని ఇబ్బంది పెట్టరు. నేను పట్టుకెళ్ళింది జానెడు పిలక.

వరసగా చెబుతాను. పెరట్లో మొక్కలున్నవాళ్ళయితే ఒకసారి వెళ్ళి అవి ఎన్ని ఉన్నాయో చూసి వచ్చి కూర్చోండి. ఈ కథ పూర్తయ్యాక మళ్ళీ చూడాలనిపిస్తుంది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. రామచంద్రపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. విద్యార్థులు వినేవారు కాదు కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. సువార్తమ్మ టీచరు గారి ఇంట్లో వెనక వాటా అద్దెకి తీసుకున్నాను. టీచరు గారు ముప్పై ఏళ్ళకి పైగా పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ భర్త యేసురత్నం గారు కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేశారు. నేను ఆ ఇంటికి వచ్చేసరికి ఆయన పోయి నాలుగేళ్ళయింది. ముందు గదిలో ఆయన ఫోటో ఉండేది. ఎవరో చెప్పిన జోకుకి నవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుండే ముఖం.

పెరట్లో, నా గుమ్మానికి ఎదురుగా, టీచరు గారి చేమంతి మడి. తెల్ల చేమంతులు, తాడు కట్టి నాటిన పన్నెండు వరసలు. ఒక్క మొక్క వరస తప్పితే ఆవిడ దానికేసి చూసే చూపుకి అదే సర్దుకుని నిలబడేదని నా అనుమానం. ఆ పూలు అమ్మకానికీ కాదు, జడకీ కాదు. నవంబరు మొదట్లో సమాధుల పండుగ వస్తుంది. మా వైపు క్రైస్తవులు ఆ రోజు తమవాళ్ళ సమాధులకి సున్నం వేయించి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ మడి మొత్తం ఆ ఒక్క సాయంత్రం కోసం.

"బజార్లో బోలెడు పూలు దొరుకుతాయి కదండీ?" అని ఒకసారి అడిగాను.

"దొరుకుతాయి. అవి అందరూ పెడతారు," అన్నారు టీచరు గారు. ఆ లెక్క అక్కడితో తేలిపోయింది.

ఆ జూన్ నెలాఖరున ఆవిడ మోకాలి ఆపరేషనుకని విశాఖపట్నం, కూతురి దగ్గరికి బయల్దేరారు. ఆటో వచ్చి నిలబడింది. ఆవిడ ఎక్కకుండా నన్ను మడి దగ్గరికి తీసుకెళ్ళారు.

"ప్రసాదూ, నాలుగు నెలలు. ఇది నీ చేతుల్లో పెడుతున్నాను."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి టీచరు గారూ. నాకు మొక్కలంటే ప్రాణం."

"మొక్కలకి నువ్వంటే ఎలా ఉంటుందో, అది కదా చూడాల్సింది. సరే విను. కొసలు గిల్లుతూ ఉండాలి, అప్పుడే పక్కకొమ్మలొస్తాయి. వినాయక చవితి దాటాక గిల్లకూడదు. మొదట్లో నీళ్ళు నిలవకూడదు. మడిలో ఇంకేం పెట్టకూడదు. ఏం పెట్టకూడదు?"

"ఇంకేం పెట్టకూడదండి."

"మళ్ళీ చెప్పు."

"మడిలో ఇంకేం పెట్టకూడదండి."

ఆటో మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. నన్ను కాదు, మడిని.

ఇక వానాకాలం మొదలైంది. మా కోనసీమ పొలిమేరల వానాకాలం మీకు తెలియనిది కాదు. పొద్దున్న లేచేసరికి ఊరంతా ఎవరో తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మన మీదే ఆరేసినట్టుంటుంది. కాలవలో ఎర్రనీళ్ళు నిద్రలో నడిచేవాళ్ళలా చప్పుడు లేకుండా పోతుంటాయి. ఆ మత్తులో కాలేజీకి నడిచి వెళ్తుండగా ఒక ఉదయం వెనక వీధిలో నా కాళ్ళు ఆగిపోయాయి.

వాసన. మల్లె కాదు, సన్నజాజి కాదు, ఆ రెండూ చిన్నప్పుడు కలిసి చదువుకుని పెద్దయ్యాక ఎక్కడో ఎదురుపడితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. తల తిప్పి చూస్తే ఒక పిట్టగోడ, గోడ అవతల నడుమెత్తు పొద. పెద్ద పెద్ద ఆకుల మధ్య గుత్తులు గుత్తులుగా, వేలి గోరంత చిట్టి గులాబీల్లాంటి ముద్దపూలు. తెలుపు, అంచుల్లో మాత్రం సిగ్గుపడ్డట్టు లేత గులాబీ రంగు. నేనక్కడ పావుగంట నిలబడ్డాను. ఆ రోజు మొదటి పీరియడ్ ఎగ్గొట్టడం విద్యార్థులకి నేను చేసిన మేలుల్లో ఒకటి.

అది అనంతలక్ష్మి గారి ఇల్లు. తలుపు కొట్టి "అమ్మా, ఒక కొమ్మ ఇస్తారా?" అంటే సరిపోయేది. కానీ అడిగి తెచ్చుకున్న మొక్క మొండికేస్తుందనీ, దొంగిలించి తెచ్చింది దూసుకుపోతుందనీ మా వైపు గట్టి నమ్మకం. డిగ్రీలు చదివినవాళ్ళు ఈ నమ్మకాన్ని బయటికి ఒప్పుకోరు. లోపల మాత్రం పూర్తిగా దీని ప్రకారమే నడుచుకుంటారు. నా దగ్గర రెండు డిగ్రీలున్నాయి.

మర్నాడు ఉదయం ఆరింటికి, సన్నగా వాన పడుతుండగా, గొడుగు వేసుకుని వెళ్ళాను. అక్కడ ఒక ధర్మసంకటం ఎదురైంది. ఆ పొద తాలూకు పిలక ఒకటి గోడ కిందనుంచి వీధిలోకి పొడుచుకొచ్చి, నన్ను తీసుకెళ్ళవయ్యా అన్నట్టు నిలబడి ఉంది. కానీ వీధిలోది పీకితే అది దొంగతనం కిందికి రాదు. దొంగతనం కాకపోతే మొక్క బతకదు. కాబట్టి దాన్ని వదిలేసి, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించి, గోడ మీద బోర్లా పడుకుని, లోపలున్న పిలకని నియమబద్ధంగా దొంగిలించాను. వస్తుంటే కిటికీలో తెర కదిలినట్టనిపించింది. గాలి అనుకున్నాను.

ఈ పిలక ఎక్కడ పెట్టాలి? మడిలో ఇంకేం పెట్టకూడదని రెండుసార్లు మాటిచ్చాను. మాట తప్పే మనిషిని కాను. మడికి అవతల, సరిగ్గా జానెడు దూరంలో పెట్టాను. కామర్స్ వాణ్ణి, నిబంధనలు చదవడం వచ్చు.

అది బతికింది. బతికింది అనడం తక్కువ మాట. వారానికి చిగురేసింది, నెలకి మోకాలెత్తు అయింది, వినాయక చవితికి పూసింది. సాయంత్రాలు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. వాన వెలిసిన వెలుతురులో ఆ గుత్తులు చిన్న చిన్న దీపాల్లా ఉండేవి. చేతిలో టీ చల్లారిపోయేది, దిద్దాల్సిన పేపర్లు ఒళ్ళోనుంచి జారిపోయేవి, నేను మాత్రం కాలవ మీద ఆకులా ఎటో పోతూ ఉండేవాణ్ణి. ఆ మత్తులో నేను గమనించని విషయాలు రెండు. ఒకటి, చేమంతుల కొసలు గిల్లడం మరిచిపోయాను. రెండు, ఆ మొక్క కూడా జానెడు దూరం అనే నిబంధన చదివింది, కానీ ఒప్పుకోలేదు.

మొదట మడి అంచున ఒక పిలక లేచింది. మురిసిపోయాను. "పిల్లని పెట్టింది!" అని స్టాఫ్ రూములో చెప్పాను. తర్వాత మూడు లేచాయి. తర్వాత నేను స్టాఫ్ రూములో చెప్పడం మానేశాను. వరస తప్పని పన్నెండు వరసల్లోకి అది పెళ్ళిలో పిలవని చుట్టంలా వచ్చి మధ్యలో కూర్చుంది. దాని ఆకులు తామరాకులంత, వాటి కింద చేమంతులకి ఎండ లేదు. ఒక్కొక్కటీ పసుపెక్కి, నల్లబడి, మర్యాదగా తప్పుకున్నాయి.

ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక టీచరు గారు వీడియో కాల్ చేసేవారు.

"ప్రసాదూ, మడి చూపించు."

బతికున్న నాలుగు చేమంతుల ముందు గొంతుక్కూర్చుని, ఫోన్ వాటికి ఆనించి చూపించేవాణ్ణి.

"కాస్త వెనక్కి జరుగు. మొత్తం కనబడటం లేదు."

"సిగ్నల్ లేదండి. వెనక్కి జరిగితే పోతుంది."

"ముందుకి ఉన్న సిగ్నల్ వెనక్కి ఎలా పోతుంది?"

"వానలండి."

"ఆ మూల ఆ పెద్ద ఆకు ఏంటి?"

"నా చెయ్యండి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటుండగా నేను ఫోన్ కట్ చేసేవాణ్ణి. మీరు నన్ను అసహ్యించుకుంటున్నారని తెలుసు. ఆ రోజుల్లో నేనూ అదే పనిలో ఉన్నాను. మనిషి పోయాక ఆయన కోసం ఆవిడ చేసుకునే పని ఏడాదికి అదొక్కటే. దాని మీద నేను పొద పెంచాను.

శత్రువుని ఓడించాలంటే ముందు పేరు తెలియాలి కదా. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. పువ్వు ఫోటో తీస్తే హైడ్రేంజియా అంది. ఇంకాస్త దగ్గరగా తీస్తే గులాబీ అంది. ఆకు తీస్తే పొద్దుతిరుగుడు అంది. నాలుగోసారి పొరపాటున నా బొటనవేలు పడితే, మొక్కకి తెగులు పట్టింది, వెంటనే తొలగించండి అంది. ఆ నాలుగింట్లో కాస్త నిజానికి దగ్గరగా ఉన్నది ఆ చివరిదే.

పేరు తెలియకపోయినా సరే అని సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం గునపం పట్టాను. పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా తవ్వాను. మొదళ్ళు నరికాను, గోడవారగా మూలన పూసి ఉన్న ఒక్కదాన్ని మాత్రం నరకబుద్ధి కాక వదిలేశాను. నేలలో వేళ్ళు నూలు తాళ్ళలా ఎటు పడితే అటు పోయి ఉన్నాయి. పగ పట్టినవాడిలా వాటిని అంగుళం అంగుళం ముక్కలు చేసి, మళ్ళీ లేవకుండా మట్టిలో బాగా కలియదున్ని, పైన ఎరువు కూడా చల్లాను. ఎరువెందుకంటే, మిగిలిన నాలుగు చేమంతులకి బలమని. సాయంత్రం స్నానం చేసి, ఆ చదునైన నల్లటి మడి చూసుకుంటే గర్వంగా అనిపించింది. వాన పడింది.

పదో రోజున మడి నిండా ఎర్రెర్రని చిగుళ్ళు. లెక్క పెట్టడం మొదలుపెట్టి అరవై దగ్గర మానేశాను. అరవై ఒకటోది స్నానాల గదిలో, గచ్చు పగిలిన మూలలో, నేను నీళ్ళు పోసుకుంటుంటే నాకేసి చూస్తూ నిలబడి ఉంది.

కాలేజీకి సెలవు పెట్టి, ఒక కొమ్మని సంచిలో దాచుకుని కడియం వెళ్ళాను. మొక్కల గురించి మా జిల్లాలో ఆఖరి తీర్పు అక్కడే. ఒక నర్సరీలో వీర్రాజు గారని పెద్దాయన, లుంగీ పైకి కట్టి కుండీల్లో మట్టి నింపుతున్నారు. కొమ్మ తీసి చూపించాను.

"మా స్నేహితుడింట్లో ఉందండి. ఏం మొక్కో తెలుసుకోవాలని…"

"ఆయ్. మీ స్నేహితుడు ఆకు నలిపి చూశాడాండి?"

"లేదండి."

"మీరు నలపండి."

నలిపాను. అంతవరకూ నేను కలలు కన్న ఆ సువాసన ఎటు పోయిందో తెలియదు. తడి బూటు లోపల మేజోడు మరిచిపోయినట్టు కంపు కొట్టింది.

"అదేనండి గుర్తు," అన్నారాయన. "పువ్వు చూసి మనసిచ్చేశారు. ఆకు నలిపి చూడలేదు. సంబంధాల్లోనూ ఇదే జరుగుతుందండి. క్లెరోడెండ్రమ్ అంటారండి దీన్ని, ఆ జాతిలో ఇదొక రకం. పువ్వు ముద్దగా ఉంది చూశారా, ఇది గింజ కట్టదు. గింజ లేదు కాబట్టి సంసారమంతా వేళ్ళతోటే. ఇంతకీ మీ స్నేహితుడు ఏం చేశాడండి?"

"గునపం పెట్టి తవ్వాడండి."

"వేళ్ళు తెగ్గొట్టాడా?"

"ముక్కలు ముక్కలు చేశాడండి."

"ఆ ముక్కలు ఏరేశాడా?"

"మట్టిలో కలిపేశాడండి."

"పైన ఎరువేమన్నా…?"

నేను కొమ్మని మళ్ళీ సంచిలో పెట్టేశాను. వీర్రాజు గారు చేతిలో మట్టి కింద పెట్టి, చాలా గౌరవంగా నా ముఖంలోకి చూశారు.

"దీన్ని వంద మొక్కలు చెయ్యాలంటే మేమూ సరిగ్గా అదే చేస్తామండి. కాకపోతే ఇంత శ్రద్ధగా చెయ్యం."

"ఇప్పుడేం చెయ్యాలండి?"

"గునపం మాటెత్తకండి. వాన లేని రోజు చూసి చేత్తో తవ్వి, వేరు ముక్కలన్నీ ఏరి గచ్చు మీద ఎండబెట్టండి. పిలక లేచింది లేచినట్టు, ఆకు విప్పకముందే లాగెయ్యండి. ఆకు లేకపోతే వేరుకి తిండి ఉండదు. ఎప్పటికో నీరసపడి ఊరుకుంటది. ఉంచుకోవాలనుకుంటే మాత్రం నూతికి దింపినట్టు సిమెంటు వర దింపి, అడుగు మూసేసి, అందులో పెట్టండి. నేల మీద వదిలారో, అది మిమ్మల్ని పెంచుద్ది."

"ఎన్నాళ్ళు లాగాలండి?"

"ఓపికని బట్టండి. మీదో, మీ స్నేహితుడిదో, దానిదో. ఎవరిది ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు."

పండుగ ఇంకా పన్నెండు రోజులుంది. టీచరు గారు రెండు రోజుల ముందు వస్తానన్నారు. అంటే నా చేతిలో పది రోజులు. పది రోజుల్లో మొక్కని జయించలేను, మడిని మాత్రం నటింపజేయగలను అనిపించింది. వీర్రాజు గారి దగ్గరే పూస్తున్న చేమంతి కుండీలు రెండు డజన్లు కొని ఆటోలో వేసుకొచ్చాను. కుండీలతో సహా నేలలో పాతేసి పైన మట్టి కప్పితే వరసలు వరసలుగా మడి సిద్ధం. తెలివైన పథకమే. రెండు చిన్న లోపాలున్నాయి. మొదటిది, హడావుడిలో రంగు చూసుకోలేదు.

రెండోది, టీచరు గారు వారం ముందే వచ్చేశారు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని ఏడో కుండీ పాతుతుంటే వెనకాల వాకర్ చప్పుడైంది.

"ప్రసాదూ, నేను వేసింది తెల్ల చేమంతి."

"వానలకి రంగు మారిందండి," అన్నాను, తిరిగి చూడకుండా.

"వానలకి కుండీలు కూడా మొలిచాయా?"

ఇక లేచి నిలబడ్డాను. తలెత్తలేదు. పిలకల మధ్య పసుపు చేమంతులు, వాటి మధ్య నేను. జరిగిందంతా చెప్పాను. గోడ, గొడుగు, జానెడు దూరం, సిగ్నల్, గునపం, ఎరువు, ఏదీ దాచలేదు. "మీరు ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఈ సాయంత్రమే వెళ్ళిపోతాను టీచరు గారూ," అని ముగించాను.

తలెత్తి చూస్తే ఆవిడ వాకర్ వదిలేసి, నూతి గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను నరకకుండా వదిలేసిన మూల పొద ఒకటి గోడవారగా నిండా పూసి ఉంది. గాలి అటునుంచి వీస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"ఆటో దిగగానే వాసనొచ్చింది," అన్నారు. "ఆయన పెరట్లో ఉన్నారనుకున్నాను. గేటు తీస్తూ, చెప్పులు బయట విడవండి అనబోయాను కూడా. తర్వాత గుర్తొచ్చింది."

నాకు అర్థం కాలేదు.

"ఈ మొక్క మా ఆయనదే ప్రసాదూ. లాకు క్వార్టర్స్ నుంచి తడి గోనెలో చుట్టి తెచ్చారు. ఈ పెరడంతా ఇదే ఉండేది. దీని కోసం మేం పద్నాలుగేళ్ళు పోట్లాడుకున్నాం. నేను పీకడం, ఆయన ఇంకోచోట పెట్టడం. కాలవ నీళ్ళని తలుపులేసి ఆపే మనిషి, దీన్ని మాత్రం ఆపలేకపోయారు. ఆఖరికి స్నానాల గది గచ్చు లేచిపోతే, కూలీలని పెట్టి మొత్తం తవ్వించేశాను. ఆ రోజంతా ఆయన కాలవ గట్టు మీద కూర్చున్నారు. తొమ్మిది రోజులు మాట్లాడలేదు."

"పదో రోజు?"

"'సువార్తా, పెరడు ఖాళీగా ఉంది' అన్నారు. అంతే. ఆ పైయేడే పోయారు." ఆవిడ మడికేసి చూశారు. "అందుకే చేమంతులు వేస్తున్నాను. ఖాళీగా ఉండకూడదని."

నేను చేతిలో ఉన్న పసుపు చేమంతి కుండీని ఆవిడ పక్కన పెట్టాను. మనుషులు కష్టంలో ఉన్నప్పుడు నేను చేసే పనులు ఇలాగే ఉంటాయి.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. టీచరు గారి మోకాలు ఎలా ఉందో చూసిపోదామని వెనక వీధి అనంతలక్ష్మి గారు వచ్చారు. పెరట్లోకి అడుగుపెట్టి, పొదని చూసి, నన్ను చూసి, చెంపకి చెయ్యి ఆనించుకున్నారు.

"అయ్యో, గొడుగబ్బాయివి నువ్వేనా!"

"మీరు… చూశారాండి?"

"చూడకపోవడమేంటయ్యా! గోడెక్కి బల్లిలా పడుకుంటివి. దొంగ దొంగ అని నేను అరవబోతుంటే మా ఆయన నా నోరు మూసేశారు. 'అరవకే, భయపడి వదిలేసి పోతాడు. తీసుకెళ్ళనీ' అన్నారు. పన్నెండేళ్ళనుంచి పీకుతున్నామయ్యా దాన్ని. నువ్వు ఒక్కటే పట్టుకెళ్ళావని ఆయనకి రోజంతా బెంగ. మర్నాడు వస్తావేమోనని గోడ మీద తట్ట కూడా పెట్టాం."

"మీకెవరిచ్చారండి అసలు?" అన్నాను.

అనంతలక్ష్మి గారు టీచరు గారికేసి చూశారు. టీచరు గారు ముందు గదిలో ఫోటో ఉన్న వైపు చూశారు.

"ఇంకెవరు, మా అన్నయ్య గారే. యేసురత్నం గారు ఈ ఊళ్ళో ఎవరికివ్వలేదు గనక!"

టీచరు గారు నవ్వడం మొదలుపెట్టారు. ముందు భుజాలు, తర్వాత మనిషంతా. ఆపరేషనయిన మోకాలు పట్టుకుని నవ్వారు. కళ్ళ నీళ్ళు కొంగుతో తుడుచుకుంటూ నవ్వారు. ఆ నీళ్ళన్నీ నవ్వువేనా అని నేను లెక్క చూడలేదు. "వచ్చేశారు చూడు," అన్నారు మధ్యలో. "మూడు వీధులు తిరిగి, దొంగ చేత మోయించుకుని మరీ వచ్చేశారు. మొండి మనిషి."

పండుగ సాయంత్రం చేమంతులు ఏ రంగువీ తీసుకెళ్ళలేదు. రిక్షా బండి నిండా ఆ గుత్తులే. సమాధుల తోటలో సున్నం వాసన, కొవ్వొత్తుల మైనం వాసన, వాటన్నిటి మీదుగా ఈ వాసన మెల్లగా పొగమంచులా పాకింది. పక్క సమాధుల దగ్గరవాళ్ళు ఒక్కొక్కరే తలలు తిప్పారు. వందల దీపాలు గాలికి ఒకేసారి వాలి, ఒకేసారి లేచాయి. ఊరంతా ఒక పెద్ద మంచం మీద పడుకుని ఒకే కల కంటున్నట్టుంది.

"ఏం పూలు టీచరు గారూ ఇవి?" అని ఎవరో అడిగారు.

"మా ఆయన పూలు," అన్నారావిడ, కుర్చీలో వెనక్కి వాలి. ఆ ముఖంలో లెక్కల టీచరు లేరు.

కథ ఇక్కడ ముగిస్తే నాకు మర్యాదగా ఉండేది. కానీ నిజం చెప్పాలి కదా. టీచరు గారు వంగలేరు కాబట్టి ఆ రోజు పూలు అమర్చింది నేను. కోసిన గుత్తులు గంటకే వాడిపోతాయనిపించింది. తాజాగా ఉంటాయని కొన్నిటిని వేళ్ళతో సహా పెకలించి, తడి గోనెలో చుట్టి తీసుకెళ్ళి, సమాధి చుట్టూ వరసగా గుచ్చాను. మట్టి మెత్తగా ఉంది. నీళ్ళు కూడా పోశాను. వీర్రాజు గారు చెప్పినవన్నీ అప్పటికి నాకు నోటికి వచ్చు. ఆ పదిహేను నిమిషాలు తప్ప.

పై యేడు ఆగస్టుకల్లా యేసురత్నం గారు తనకి ఇచ్చిన స్థలం దాటి, కుడివైపు ఒక హెడ్మాస్టరు గారినీ, ఎడమవైపు ఒక కంపౌండరు గారినీ కలుపుకుని, ప్రహరీ గోడదాకా వెళ్ళారు. చర్చి కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు.

"ఇదేదో అడవి మొక్కలా ఉందండి," అన్నాను గంభీరంగా. "పిట్టలు తెచ్చి ఉంటాయి."

"ఆ పిట్ట పేరు ప్రసాదు," అన్నారు టీచరు గారు వెనక కుర్చీలోంచి. "ప్రతి శనివారం వచ్చి పీకుతుంది."

రెండేళ్ళు పీకాను, అక్కడా, పెరట్లోనూ. ఆకు విప్పకముందే, చేత్తో, వేరుతో సహా. ఆ తోటలో ఎవరెవరు ఎక్కడున్నారో వాళ్ళ పిల్లలకన్నా నాకు బాగా తెలుసు. యేసురత్నం గారి తలవైపు మాత్రం సిమెంటు వర దింపి, అడుగు మూసి, ఒక్క మొక్క ఉంచాం. టీచరు గారు ఇప్పటికీ పండుగకి దానివే కోస్తారు. పెరట్లో మళ్ళీ తెల్ల చేమంతులే, పన్నెండు వరసలు. "ఆయనవి అక్కడ, నావి ఇక్కడ. పోట్లాట తీరింది," అంటారు.

తర్వాత నాకు రాజమండ్రిలో ఉద్యోగమైంది. కొన్నాళ్ళకి ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశానికి టీచరు గారు కర్ర పట్టుకుని వచ్చారు, ఒక కుండీ కానుకగా తెచ్చారు. ఏం మొక్కో మీకు చెప్పక్కర్లేదు. "కుండీ దించకు," అన్నారు. దించలేదు. కుండీ అడుగున నీళ్ళు పోవడానికి చిల్లు ఉంటుందన్న సంగతి మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు.

కాబట్టి, తూర్పుకి తిరిగి, ఆకు నలిపిన ఈ చేతుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరెవరి గోడ మీదా బోర్లా పడుకోను, మరెవరి పిలకా ముట్టుకోను, గునపం వంక చూడను.

అన్నట్టు, మా ఇంటి తూర్పు గోడ నడుమెత్తే కట్టించాను. ఉదయం ఆరింటికి మా ఇంట్లో ఎవరూ లేవం. గోడ మీద తట్ట కూడా పెట్టాను. కిటికీలో తెర కదిలితే, గాలి అనుకోండి.